దీన్ మహమ్మద్: చేతనున్న విద్య, చెప్పుకొన్న విద్య

మార్కాపురపు పలకపై వ్రాసిన తప్పును బాలుడు తడిగుడ్డతో తుడిచివేయగలడు. అచ్చుపడిన మాట అట్లు చెరిగిపోదు. లండను నగరమున మొదటి భారతీయ భోజనశాలను నెలకొల్పిన దీన్ మహమ్మద్ జీవితము ఇందుకు నిదర్శనము.

ఆతడు 1759లో పాట్నాలో జన్మించెను. తండ్రి ఈస్టిండియా కంపెనీ సైన్యమున కొలువు చేయుచు మరణించెను. పదునొకండేండ్ల ప్రాయమున ఆ బాలుడు బేకర్ అను ఐరిష్ అధికారి వెంట దండులో చేరి, క్రమముగా సుబేదారు అయ్యెను. 1784లో బేకరుతో ఐర్లండులోని కార్క్ నగరము చేరి, అచటనే జేన్ డేలీ అను యువతిని వివాహమాడెను. 1794లో తన యాత్రలను రెండు సంపుటములుగా ప్రకటించెను. ఆంగ్లమున గ్రంథము ప్రకటించిన తొలి భారతీయుడు ఆతడే.

పిదప లండను చేరి, 1810లో జార్జి వీధిలో హిందూస్తానీ కాఫీ హౌస్ తెరచెను. పేరునకు కాఫీశాలయే గాని, అచట వడ్డించినవి మనదేశపు వంటకములు. భోజనానంతరము హుక్కా కూడ లభించెడిది. కాని వ్యయము మిక్కుటమై 1812లో దివాలా తీసెను.

అంతట 1814లో సముద్రతీరమునందలి బ్రైటన్ పట్టణమునకు పోయి, ఆవిరిస్నానముతోపాటు ఒళ్లుపట్టు విద్యను ప్రచారము చేసెను. కీళ్లనొప్పులతో వచ్చినవారు ఉపశమనము పొంది, తమ ఊతకర్రలను అచటనే విడిచిపోయిరని ప్రతీతి. రాజులైన నాలుగవ జార్జి, నాలుగవ విలియములు ఆతనిని తమ మర్దన వైద్యునిగా నియమించిరి.

ఇంత నేర్పుగలవాడు ఒక అబద్ధమాడెను. 1822లో మొదట వెలువడి, పలుమార్లు అచ్చయిన తన మర్దన గ్రంథమున, తాను 1749లో జన్మించితిననియు, వైద్యవిద్య నభ్యసించి కంపెనీ కొలువున శస్త్రవైద్యుడుగా ఉంటిననియు వ్రాసుకొనెను. లేని చదువునకు చోటు కల్పించుటకై వయస్సునకు పదియేండ్లు చేర్చవలసి వచ్చెను. 1851లో మరణించినపుడు సమాధిశిలపై సైతము నూటయొక్క యేండ్లని చెక్కిరి.

ఆతని గుట్టును బయటపెట్టినది ఆతని తొలి పుస్తకమే. 1769లో తాను బాలుడనని అందు ఆతడే చెప్పియుండెను. ఆ వయస్సున శస్త్రవైద్యుడెట్లగును? చరిత్రకారుడు మైకేల్ ఫిషర్ 1990 దశకమున ఈ వ్రాతలను సరిపోల్చి సత్యమును వెల్లడించెను.

పరదేశమున, పట్టము లేనివాని చేతిని ఎవరు నమ్ముదురను భయము ఆతనిచే ఇట్లు వ్రాయించి యుండవచ్చును. ఆ భయము అర్థము చేసికొనదగినదే. అయినను తమ దేహమును అప్పగించిన రోగులకు నిజము తెలిసికొను హక్కు కలదు.

ఆతని మనుమడు ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ లండనులోని గైస్ వైద్యశాలలో వైద్యుడై, రక్తపుపోటుపై గొప్ప పరిశోధనలు చేసి, 1884లో పిన్నవయస్సుననే సన్నిపాత జ్వరముచే మరణించెను. తాత చెప్పుకొన్న విద్యను మనుమడు చదివి సంపాదించెను.