వేడిని లెక్కకట్టిన దర్జీ కొడుకు

ఫోరియర్ అనే పేరు వినగానే మీలో సగం మంది ఈ పేజీ మూసేస్తారని తెలుసు. మ్యాథ్స్ పేపర్‌లో సిరీస్ పేరుతో మనల్ని ఏడిపించిన పెద్దమనిషి ఆయనే. నాకైతే ఆ పేపర్ ఇంకా బ్యాక్‌లాగ్. అలాంటి నేను ఆయన జీవితం కూర్చుని చదివానంటే దానికి కారణం మా ఇంట్లోని కంప్యూటర్.

మొన్న ఎండాకాలం సెలవుల్లో సికింద్రాబాద్‌లో పార్టులన్నీ కొనుక్కుని, వికారాబాద్ మీదుగా రైల్లో తాండూరు తెచ్చుకున్నా. డెస్క్‌టాప్ నేనే అసెంబుల్ చేశా. కూలర్ బిగించాక ఫ్యాన్ వైరు అందట్లేదని దాన్ని విప్పి, ఇంకోవైపు తిప్పి మళ్లీ బిగించేశా. పాత థర్మల్ పేస్ట్ తుడవలేదు, కొత్తది రాయలేదు. గేమ్ పెట్టిన కాసేపటికే సీపీయూ 95 డిగ్రీలు దాటింది, సిస్టమ్ ఆగిపోయింది. ప్రాసెసర్ పోయిందేమోనని నా గుండె ఆగినంత పనైంది. ఎందుకంటే ఆ డబ్బు నాన్నది. నాన్న చేసేది నాపరాయి పాలిష్ పని. రోజంతా నీళ్లలో, రాతి బురదలో నిలబడి సంపాదించిన డబ్బు.

నాన్న కూలర్ అడుగున వేలితో తడిమి చూశాడు. ఎంత నున్నగా పాలిష్ పట్టినా సరే, రెండు బండలు ఒకదాని మీద ఒకటి పెడితే మధ్యలో సందు ఉండనే ఉంటుందన్నాడు. సమస్య సరిగ్గా అదే. ఆ సందులో వేడికి ఏమవుతుందో వెతుకుతూ పోతే చివరికి మళ్లీ ఫోరియరే తగిలాడు!

జోసెఫ్ ఫోరియర్ 1768 మార్చి 21న ఫ్రాన్స్‌లోని ఒసేర్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి దర్జీ. పదేళ్లు నిండేలోపే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. ఊళ్లో క్రైస్తవ సన్యాసులు నడిపే సైనిక పాఠశాలలో సీటు దొరికింది. అక్కడ లెక్కల పిచ్చి పట్టింది. అందరూ పడుకున్నాక చదువుకోవడానికి పగలంతా కొవ్వొత్తి ముక్కలు ఏరి దాచుకునేవాడని చెబుతారు.

సైన్యంలో చేరాలని ఆయన కోరిక. కానీ గొప్ప వంశంలో పుట్టినవాళ్లకే ఆ ఆఫీసర్ పోస్టులు ఇచ్చే రోజులవి. దర్జీ కొడుకుకి ఎన్ని లెక్కలు వస్తే ఏం లాభం? రాదన్నారు. సన్యాసి అవుదామని మఠంలో చేరాడు. 1789లో ఫ్రెంచి విప్లవం వచ్చింది, ఆయన మఠం వదిలి ఒసేర్‌కు తిరిగొచ్చి పాఠాలు చెప్పుకున్నాడు. రాజకీయాల్లోకీ దిగాడు. దాంతో 1794లో జైలుకెళ్లాడు. గిలెటిన్ కింద తలలు తెగిపడుతున్న కాలం అది. సరిగ్గా అప్పుడే రోబెస్పియర్ పడిపోవడంతో ఫోరియర్ బతికి బయటపడ్డాడు. మరుసటి సంవత్సరం పారిస్‌లో కొత్తగా పెట్టిన టీచర్ల కాలేజీలో స్టూడెంట్. అక్కడ క్లాసులు చెప్పింది ఎవరనుకున్నారు? లగ్రాంజ్, లాప్లాస్, మోంజ్. మన టెక్స్ట్ బుక్‌లో థియరమ్‌లకు ఉన్న పేర్లన్నీ ఆయనకు లెక్చరర్లు!

1798లో నెపోలియన్ తన సైన్యంతో పాటు సైంటిస్టులను కూడా ఈజిప్ట్‌కు తీసుకెళ్లాడు. వాళ్లలో ఫోరియర్ ఒకడు. కైరోలో పెట్టిన పరిశోధన సంస్థకు కార్యదర్శిగా పనిచేసి 1801లో తిరిగొచ్చాడు. ఆ తర్వాత జీవితాంతం ఆయనకు చలంటే భయం. గదిని వేడిగా ఉంచుకుని, ఒంటి మీద బట్టల మీద బట్టలు వేసుకుని కూర్చునేవాడు. ఇది చదివినప్పుడు నాకు వికారాబాద్‌లో మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వానాకాలంలో అనంతగిరి గుట్టల వైపు నుంచి గాలి వీచిందంటే చాలు, స్వెటరూ మంకీ క్యాపూ బయటికొస్తాయి.

పారిస్‌లో మళ్లీ పాఠాలు చెప్పుకుందామనుకుంటే నెపోలియన్ వదల్లేదు. 1802లో గ్రెనోబుల్ పట్టణానికి ప్రిఫెక్ట్‌గా పంపాడు. మన భాషలో జిల్లా కలెక్టర్ అనుకోండి. చుట్టుపక్కల ఊళ్లను ఒప్పించి పెద్ద చిత్తడి నేలల్ని ఎండగట్టించాడు, కొండల మీదుగా టురిన్ వైపు రోడ్డు మొదలుపెట్టించాడు. ఇంత పని మధ్యలో, ఏ కాలేజీలోనూ లేకుండా, తన ఖాళీ టైంలో వేడి మీద పరిశోధన చేశాడు.

అప్పట్లో వేడి అంటే ఏమిటన్నదే పెద్ద గొడవ. కంటికి కనపడని ద్రవం అని కొందరు, కణాల కదలిక అని కొందరు. ఫోరియర్ ఆ గొడవ పక్కన పెట్టేశాడు. వేడి ఏదైతే నాకేం, అది ఎలా ప్రయాణిస్తుందో చూద్దామనుకున్నాడు. ఇనుప రింగును ఒకచోట కాల్చి, దానికి పెట్టిన రంధ్రాల్లో థర్మామీటర్లు ఉంచి కొలిచాడు. తేలిందేమిటంటే, ప్రవహించే వేడి ఉష్ణోగ్రతల తేడాను బట్టి, వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది, మందాన్ని బట్టి తగ్గుతుంది. ఇంకా ఒక్కో పదార్థానికి ఒక్కో థర్మల్ కండక్టివిటీ ఉంటుంది. అంతే!

దీన్ని నా సీపీయూకి వేసి చూశా. చిప్ 100 వాట్ల వేడి పుట్టిస్తోంది, కూలర్ ఆనే చోటు 10 చదరపు సెంటీమీటర్లు, మధ్యలో పొర మందం 0.05 మిల్లీమీటర్లు అనుకుందాం. పేస్ట్ కండక్టివిటీ 5 అయితే ఆ పొర దాటడానికి కావలసిన తేడా 1 డిగ్రీ. అదే పొర నిండా గాలే ఉంటే? గాలిది సుమారు 0.025. అంటే 200 డిగ్రీలు! నిజానికి లోహం అక్కడక్కడా తగులుతుంది కాబట్టి అంత రాదు, కానీ నా సిస్టమ్ ఎందుకు ఆగిపోయిందో అర్థమైంది. ఎక్కువ పూస్తే మంచిదేమో అనుకోకండి. పొర అర మిల్లీమీటర్ ఉంటే తేడా 10 డిగ్రీలవుతుంది. రాగి కండక్టివిటీ 400 దగ్గర ఉంటుంది, దాని ముందు పేస్ట్ ఏపాటిది? దాని పని సందుల్లో ఉన్న గాలిని తరిమేయడం, అంతవరకే.

మళ్లీ కథలోకి వద్దాం. 1807 డిసెంబర్‌లో ఫోరియర్ తన పేపర్‌ను పారిస్‌లో సమర్పించాడు. ఎలాంటి వంపు అయినా సైన్, కొసైన్ తరంగాల మొత్తంగా రాయొచ్చని అందులో ఉంది. అదే మన సిరీస్. దాన్ని ఒప్పుకోనిది ఎవరో కాదు, పాఠం చెప్పిన లగ్రాంజే. పేపర్ అచ్చుకాలేదు. వేడి మీదే పోటీ పెడితే మళ్లీ రాసి పంపాడు. 1812లో బహుమతి వచ్చింది, కానీ గణితం పకడ్బందీగా లేదని ఒక చురక కూడా వేశారు. అచ్చు మాత్రం వేయలేదు. చివరికి 1822లో పుస్తకంగా వచ్చింది. పదిహేనేళ్ల బ్యాక్‌లాగ్ అన్నమాట.

తప్పు పట్టినవాళ్లది కూడా పూర్తిగా తప్పు కాదు. ఆ సిరీస్ ఎప్పుడు పనిచేస్తుందో ఫోరియర్ గట్టిగా నిరూపించలేదు. ఆ పని 1829లో డిరిక్లే చేశాడు. నిరూపణ ఆలస్యమైనా ఆలోచన నిలబడింది. మన ఫోన్లో జేపెగ్ ఫొటో, ఎంపీత్రీ పాట, రెండింటి వెనకా ఆ తరంగాల లెక్కే ఉంది. 1824లో ఆయనే ఇంకో మాట చెప్పాడు. సూర్యుడి వెలుగు గాలిపొరలోంచి సులువుగా లోపలికి వస్తుంది కానీ భూమి వేడి అంత సులువుగా బయటికి పోదని. ఇవాళ గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్ అంటున్న దానికి అది మొదటి అడుగు.

1830 మేలో మెట్ల మీద నుంచి పడ్డాడు. అప్పటికే ఆరోగ్యం బాగాలేదు. మే 16న పారిస్‌లో చనిపోయాడు. ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 పేర్లలో దర్జీ కొడుకు పేరు కూడా ఉంది.

ఇక మా ఇంటి సంగతి. పాత పేస్ట్‌ను స్పిరిట్‌తో తుడిచి, చిప్ మధ్యలో మా తాండూరు కందిగింజంత కొత్త పేస్ట్ పెట్టి, స్క్రూలు ఒక మూల తర్వాత ఎదురు మూల కొద్దికొద్దిగా బిగించా. ఈసారి అదే గేమ్ గంటసేపు ఆడినా ఆగలేదు. ప్రాసెసర్ బతికే ఉంది. ఈ లెక్క ఎవరు కనిపెట్టారని నాన్న అడిగితే కథంతా చెప్పా. దర్జీ ఇంట్లో పుట్టాడు కదా, కొలత తెలిసే ఉంటుందిలే అని నవ్వి పాలిష్ మెషిన్ దగ్గరికి వెళ్లిపోయాడు.

నా బ్యాక్‌లాగ్ ఎగ్జామ్ వచ్చే నెలలో ఉంది. ఈసారి ఆ చాప్టర్ మాత్రం వదలను.