జహంగీరు చక్రవర్తి పెళ్ళిళ్ళు

ఈ నెల గోడ పత్రికలో నేను మొగలు చక్రవర్తి జహంగీరు గురించి రాస్తున్నాను. మన సాంఘిక శాస్త్రం పుస్తకంలో ఆయన యుద్ధాలు, సంవత్సరాలు ఉంటాయి. భార్యలలో ఒక్క నూర్జహాన్ పేరే ఉంటుంది. మిగతా వాళ్ళు ఎవరు, ఏమైపోయారు అని నాకు తెలుసుకోవాలనిపించింది. అందుకని లైబ్రరీ పుస్తకాలు చదివి, సార్‌ని అడిగి రాసుకున్నాను.

జహంగీరు 1569 ఆగస్టు 31న ఫతేపూర్ సిక్రీలో పుట్టాడు. అంతకుముందు అక్బరుకు పుట్టిన పిల్లలు బతకలేదు. సిక్రీలో సలీం చిష్తీ అనే పెద్దాయన ఉండేవాడు. అక్బరు ఆయన దగ్గరకు వెళ్ళి మొక్కుకున్నాడు. కొడుకు పుట్టగానే ఆయన పేరే పెట్టాడు. మన గూడేల్లో మొక్కుకొని పుట్టిన పిల్లలకు దేవర పేరు పెడతారు కదా, అట్లాగే. జహంగీరు అనేది గద్దె ఎక్కినాక పెట్టుకున్న పేరు.

సలీం తల్లి రాజస్థాన్‌లోని అంబర్ రాజు భారమల్ కూతురు. 1562లో ఆమెను అక్బరుకిచ్చి పెళ్ళి చేశారు. అంబర్ చిన్న రాజ్యం, చుట్టూ శత్రువులు. పెద్ద రాజు అండ కావాలి కాబట్టి కూతురిని ఇచ్చారు. కొడుకు పుట్టినాక ఆమెకు మరియం ఉజ్ జమానీ అని బిరుదు వచ్చింది. కానీ అక్బరు చరిత్ర రాసిన అక్బర్నామాలో ఆమె సొంత పేరే లేదు. సినిమాలో జోధా అన్నారు. ఆ పేరు జోధ్‌పూర్ ఊరిని బట్టి వచ్చింది, ఈమెదేమో అంబర్.

సలీంకు మొదటి పెళ్ళి 1585లో అయ్యింది. అప్పటికి ఆయనకు పదహారేళ్ళు కూడా నిండలేదు. అంటే మన పదో తరగతి అన్నల వయసు. పెళ్ళికూతురు మాన్‌బాయి, సలీం మేనమామ భగవాన్‌దాస్ కూతురు. మన దగ్గర మేనరికం అంటాం. ఆమెకు 1587లో ఖుస్రూ అనే కొడుకు పుట్టాడు. షా బేగం అని బిరుదు ఇచ్చారు.

అయితే ఆ ఇంట్లో గొడవలు మొదలయ్యాయి. సలీం తండ్రి మీద తిరగబడి అలహాబాదులో ఉన్నాడు. తాత తర్వాత తండ్రిని కాదని కొడుకు ఖుస్రూనే రాజు చెయ్యాలని కొందరు పెద్దలు అనుకున్నారు. వాళ్ళలో మాన్‌బాయి అన్న మాన్‌సింగ్ కూడా ఉన్నాడు. ఒక పక్క భర్త, ఒక పక్క కొడుకు, అన్న. తండ్రితో మంచిగా ఉండమని కొడుక్కి ఎన్నోసార్లు చెప్పి చూసింది. అతడు వినలేదు. చివరికి ఆమె నల్లమందు మింగి చనిపోయింది. సలీం రాజు అయ్యేదాకా కూడా ఉండలేదు. తాను నాలుగు రోజులు అన్నం నీళ్ళు ముట్టలేదని జహంగీరు తన ఆత్మకథలో రాసుకున్నాడు. నిజంగానే బాధపడి ఉంటాడు. కానీ ఆమె బతికి ఉన్నప్పుడు ఆమె బాధ ఎవరు విన్నారు అని నాకు అనిపించింది.

1605లో జహంగీరు చక్రవర్తి అయ్యాడు. 1606లో ఖుస్రూ తిరగబడి పట్టుబడ్డాడు. అతడి కళ్ళు పొడిపించారు. 1622లో బుర్హాన్‌పూర్‌లో చనిపోతే తీసుకొచ్చి తల్లి సమాధి పక్కనే పెట్టారు. అలహాబాదులోని ఆ తోటను ఖుస్రూబాగ్ అంటారు.

రెండో పెళ్ళి 1586లో జోధ్‌పూర్ రాజు ఉదయసింగ్ కూతురు జగత్ గోసాయితో జరిగింది. నిజంగా జోధ్‌పూర్ ఆడపిల్ల అంటే ఈమే. 1592లో ఈమెకు ఖుర్రం పుట్టాడు. అతడే తర్వాత తాజ్‌మహల్ కట్టించిన షాజహాన్. కానీ ఖుర్రంను తల్లి పెంచలేదు. అక్బరు పెద్ద భార్య రుకయాకు పిల్లలు లేరని బిడ్డను ఆమెకిచ్చారు. జగత్ గోసాయి 1619లో చనిపోయింది. కొడుకు గద్దె ఎక్కడం ఆమె చూడలేదు.

ఇట్లా ఇంకా చాలా పెళ్ళిళ్ళు జరిగాయి. ఓడిపోయిన బుందేలా రాజు కూతురిని కూడా చేసుకున్నాడు. 1608లో మాన్‌సింగ్ మనవరాలిని చేసుకున్నాడు. అంటే చనిపోయిన మాన్‌బాయికి ఆ పిల్ల కూడా మనవరాలి వరసే. ఆ పెళ్ళికి జహంగీరు పెళ్ళికూతురి ఇంటికి ఎనభై వేల రూపాయలు పంపాడు. అది చదివితే నాకు మన ఓలి గుర్తుకొచ్చింది. మాన్‌సింగ్ తిరిగి అరవై ఏనుగులు ఇచ్చాడు. ఏనుగుల లెక్క రాసిన జహంగీరు అక్కడ పిల్ల పేరు మాత్రం రాయలేదు.

ఇంక అనార్కలి సంగతి. 1955లో అనార్కలి అని తెలుగు సినిమా కూడా వచ్చింది. సలీం ఆమెను ప్రేమించాడని, అక్బరు ఆమెను గోడలో పెట్టించాడని కథ. అక్బర్నామాలో గానీ జహంగీరు ఆత్మకథలో గానీ ఆమె లేదు. పేరు లేని రాణులు నిజంగా ఉన్నారు, చరిత్రలో లేని అనార్కలి పేరు మాత్రం అందరికీ తెలుసు. ఇది విచిత్రం.

ఇప్పుడు నూర్జహాన్. అసలు పేరు మెహరున్నిసా. తల్లిదండ్రులు పొట్ట చేత పట్టుకొని పర్షియా నుంచి వలస వస్తుంటే 1577లో కాందహారులో పుట్టింది. 1594లో షేర్ ఆఫ్గన్ అనే ఉద్యోగికి ఇచ్చి చేశారు. లాడ్లీ అని ఒక్క కూతురు. 1607లో బెంగాల్‌లోని బర్ద్వాన్‌లో జరిగిన కొట్లాటలో భర్త చనిపోయాడు. ముప్పై ఏళ్ళకే విధవరాలై, బిడ్డతో ఆగ్రా వచ్చి అంతఃపురంలో కొలువు చేసింది. 1611లో నౌరోజు పండుగ బజారులో జహంగీరు ఆమెను చూశాడు. ఆ ఏడు మే నెలలోనే పెళ్ళి చేసుకున్నాడు. ఆమెకు ముప్పై నాలుగో ఏడు, ఆయనకు నలభై ఒకటి.

విధవరాలిని, బిడ్డ తల్లిని చక్రవర్తి చేసుకున్నాడని చాలామంది వింతగా చెప్తారు. మా గూడెంలో అయితే ఇది వింత కాదు. భర్త పోయినామె మారుమనువు చేసుకుంటే ఎవరూ తప్పు పట్టరు. పట్నం వాళ్ళు మనల్ని వెనుకబడిన వాళ్ళు అంటారు గానీ ఈ విషయంలో మనమే ముందున్నాం అని గర్వంగా చెప్పగలను.

నూర్జహాన్ రాజ్యమే నడిపింది. ఆమె పేరుతో ఫర్మానాలు వెళ్ళేవి. ఆమె పేరుతో నాణేలు వేశారు. మా ఇంట్లో మా అమ్మ, అమ్మమ్మ వేలిముద్ర వేస్తారు. సంతకం చేసే మొదటి మనిషిని నేనే. అందుకే నాణెం మీద ఆడమనిషి పేరు అంటే నాకు చాలా గొప్పగా అనిపించింది. 1617లో ఏనుగు అంబారీ మీద కూర్చొని ఆరు తూటాలతో నాలుగు పులులను కొట్టింది. 1626లో మహబత్ ఖాన్ అనే సేనాని జీలం నది దగ్గర జహంగీరును బందీ చేస్తే, ఏనుగెక్కి నదిలో దిగి యుద్ధం చేసింది. గెలవలేక తానే వెళ్ళి భర్తతో పాటు బందీగా ఉండి, కొన్ని నెలలకు ఉపాయంతో విడిపించింది.

ఆమె తన కూతురు లాడ్లీని జహంగీరు చిన్న కొడుకు షహ్రియార్‌కు ఇచ్చింది, అల్లుడు రాజు కావాలని. ఆమె మేనకోడలు ముంతాజ్ ఏమో ఖుర్రం భార్య. ఖుర్రం తండ్రి మీద తిరగబడి ఓడిపోయి 1623లో మన గోల్కొండ రాజ్యం మీదుగా మచిలీపట్నం వచ్చి ఒరిస్సా వెళ్ళాడు. చివరికి 1627 అక్టోబరు 28న కాశ్మీరు నుంచి లాహోరు వస్తూ దారిలో జహంగీరు చనిపోయాడు. ఖుర్రం గెలిచాడు. షహ్రియార్‌ను చంపించారు. తల్లి ఎత్తు ఓడిపోయింది, కూతురు విధవరాలయ్యింది. తన కూతురిని కూడా రాజ్యం కోసమే పెళ్ళి చేసింది కదా, అందుకే నూర్జహాన్ అంటే నాకు ఎంత ఇష్టమో అంత కోపం కూడా. షాజహాన్ ఆమెకు ఏడాదికి రెండు లక్షల రూపాయలు భత్యం ఇచ్చాడు. ఆమె 1645లో లాహోరులో చనిపోయింది.

ఈ పెళ్ళిళ్ళలో చాలావాటికి అబ్బాయినీ అమ్మాయినీ అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు ఆడపిల్లకు 18 ఏళ్ళు నిండాలని చట్టం ఉంది. అయినా నిరుడు సంక్రాంతి సెలవుల తర్వాత మా తరగతిలో రెండు పెట్టెలు వెనక్కి రాలేదు. వాటి చోటు ఇంకా ఖాళీగానే ఉంది. అక్కలారా, సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు సంబంధం మాట వస్తే నన్ను అడగండి అని మనమే చెప్పాలి. వార్డెన్ మేడమ్ గారు కూడా తిరిగి రాని వాళ్ళ ఇళ్ళకు ఒకసారి వెళ్ళి చూడాలని కోరుతున్నాను.

పరీక్షలో జహంగీరు భార్య ఎవరు అంటే నూర్జహాన్ అని రాస్తే ఒక మార్కు వస్తుంది. మాన్‌బాయికి, జగత్ గోసాయికి మార్కులు లేవు. అయినా గుర్తు పెట్టుకుందాం.