బసవేశ్వరుని చరిత్ర - ఆధారములు

బాగెవాడిలో జన్మించి, కూడలసంగమేశ్వరుని నమ్మి, కళ్యాణమున బిజ్జలుని కొలువులో మంత్రియై, 12వ శతాబ్దిని శరణులకెల్ల ఆశ్రయమైన బసవేశ్వరుని కథ మన యిండ్లలో పసివారికిని తెలియును. కాని అది మనకెట్లు తెలిసినది?

పాల్కురికి సోమనాథుని బసవపురాణములో బాలుడు ఉపనయనమును తిరస్కరించి తండ్రియింటిని విడిచిపోవును. హరిహరుని కన్నడ రగళెలో తల్లిదండ్రులు ముందే గతింపగా అవ్వ పెంచును; వేసిన జందెమును ఆయన పిదప త్యజించును. ఇరువురును మహాభక్తులే. ఇరువురును బసవన తరువాతివారే. ఏది జరిగినదో తేల్చుట కష్టము. జందెమును కాదనెననుటలో మాత్రము ఇరువురును ఏకీభవించిరి. తరగతిలో నేను అంతవరకే చెప్పుదును.

బెళగావి మండలమందలి అర్జునవాడ శాసనము 1260 నాటిది. బాగెవాడి మాదిరాజు కుమారుడైన బసవని అది పేర్కొన్నది. పురాణములు చెప్పిన తండ్రి పేరే రాతిపై కనబడుట చిన్న విషయము కాదు. ఐనను అదియు బిజ్జలుని మరణమునకు సుమారు 90 ఏండ్ల పిదప చెక్కబడినది. దానములను తెలుపు రాయి బాల్యకథ చెప్పదు గదా!

కడపటి దినములు మరింత చిక్కు. బిజ్జలుని జగదేవుడు మొదలగువారు చంపిరనియు, బసవన సంగమేశ్వరునిలో ఐక్యమయ్యెననియు మన పురాణము. బసవన పారిపోయి బావిలో దూకెనని జైనుల బిజ్జలరాయచరితము. పరమతద్వేషమని దీనిని త్రోసివేయుట సులభము. అది బహుకాలము తరువాతి రచన యనుటయే బలమైన కారణము. ద్వేషమొక్కటే చాలదు, ఏలయన జైనులను గూర్చి మన సోమనాథుడు వ్రాసినదియు మెత్తనిది కాదు.