లెక్కల పుస్తకం వదలని ఎస్తర్ స్నైడర్

టూవూంబాలో మన తెలుగువాళ్ళలో వృద్ధాశ్రమాల్లో చేసేవాళ్ళున్నారు, మాంసం ఫ్యాక్టరీలకు వెళ్ళేవాళ్ళున్నారు, లాకియర్ లోయ తోటల్లో కూరగాయలు కోసేవాళ్ళున్నారు. చదువుకునే పిల్లలైతే సాయంత్రాలు బర్గర్ కొట్లలో నిలబడతారు. అందుకే ఈ ఏడు మన సంచికలో ఒక బర్గర్ కొట్టు పెట్టినావిడ గురించి చెప్పుకుందాం.

ఆమె పేరు ఎస్తర్ స్నైడర్. మన కోస్తా పల్లెల్లో పుట్టి ఉంటే ఎస్తేరమ్మ అని పిలిచేవాళ్ళం. 1920 జనవరి 7న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో సొరెంటో అనే చిన్న ఊళ్ళో పుట్టింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో నౌకాదళం మహిళా విభాగంలో చేరి పనిచేసింది. తర్వాత సియాటిల్‌లో జంతుశాస్త్రం చదివి పట్టా తీసుకుంది. హ్యారీ స్నైడర్ ఆమెకు పరిచయమైంది ఆ ఊళ్ళోనే. 1948లో ఇద్దరూ పెళ్ళి చేసుకుని, లాస్ ఏంజెలెస్ దగ్గర బాల్డ్విన్ పార్క్‌కు వచ్చేశారు.

అదే ఏడు అక్టోబరు 22న ఇన్-ఎన్-ఔట్ బర్గర్ అనే చిన్న కొట్టు తెరిచారు. బర్గర్ పావు డాలరు. కారు దిగక్కర్లేదు, మైకులో చెబితే చాలు, కిటికీ దగ్గర చేతికిస్తారు. హ్యారీ తెల్లవారకముందే బజారుకెళ్ళి మాంసం, కూరగాయలు చూసి కొనుక్కొచ్చేవాడు. లెక్కలన్నీ ఎస్తర్ చేతిమీదే నడిచేవి. వచ్చిన డబ్బెంత, సరుకుకెంత పోయింది, పనివాళ్ళకెంత ఇవ్వాలి, అంతా ఆమె రాసి చూసుకునేది. బయటికి కనిపించేది హ్యారీ. కొట్టు నిలబడింది మాత్రం ఈ రాతపని మీద కూడా.

వాళ్ళు ఎవరికీ ఫ్రాంచైజీ ఇవ్వలేదు. సరుకు నాణ్యత తమ చేతుల్లోనే ఉండాలని పట్టుబట్టారు. అందుకని కొట్లు నెమ్మదిగానే పెరిగాయి. 1976లో హ్యారీ చనిపోయేనాటికి ఉన్నవి 18.

తర్వాత చిన్నకొడుకు రిచ్ పగ్గాలు పట్టి కొట్ల సంఖ్యను 93కు తెచ్చాడు. 1993 డిసెంబరులో విమాన ప్రమాదంలో పోయాడు. పెద్దకొడుకు గై ఆ బాధ్యత ఎత్తుకున్నాడు. నొప్పి మందుల అలవాటు అతన్ని వదల్లేదు, 1999 డిసెంబరులో అతనూ పోయాడు. మొగుడు పోయాడు, కన్న కొడుకులిద్దరూ పోయారు. అప్పటికి ఆమెకు 79 ఏళ్ళు. మన ఇళ్ళల్లో అయితే ఆ వయసువాళ్ళని మంచం దిగనివ్వం. ఆమె మాత్రం కంపెనీ అధ్యక్షురాలి కుర్చీలో కూర్చుంది.

2006 ఆగస్టు 4న, 86వ ఏట కన్నుమూసింది. అప్పటికి కొట్లు 200 దాటాయి. ఒక్కటీ బయటివాళ్ళకి ఇచ్చింది కాదు. చట్టం చెప్పిన కనీస జీతం కంటే పనివాళ్ళకు ఎక్కువిస్తుందని ఆ కంపెనీకి పేరు. తర్వాత మనవరాలు లిన్సీ పగ్గాలు అందుకుంది.

ఈ కథలో మాకు నచ్చింది ఆ లెక్కల పుస్తకం. యజమానికి లెక్క ఎంత అవసరమో పనిచేసేవాడికీ అంతే అవసరం. ఇక్కడ జీతం ఇచ్చిన ఒక్క పనిదినంలోపు పేస్లిప్ ఇవ్వాలని చట్టం. జీతాల రికార్డులు యజమాని 7 ఏళ్ళు దాచాలి. మనది ఏ వీసా అయినా కనీస జీతం హక్కు మనకూ ఉంది. కానీ తేడా వచ్చిన రోజున మన దగ్గర కాగితం లేకపోతే నోటిమాటతో గట్టెక్కడం కష్టం. ఎన్నింటికి ఎక్కాం, ఎన్నింటికి దిగాం, మధ్యలో విరామం ఎంత, ఇవి రాసుకోవడానికి రోజుకు రెండు నిమిషాలు చాలు. కొత్తగా వచ్చిన తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఒక చిన్న నోటుబుక్కు కొనిచ్చి, మొదటి వారం మనమే పక్కన కూర్చుని రాయించుదాం.