సగంలో ఆగిన ఎం.ఎస్‌సి.: కొడవటిగంటి కుటుంబరావు

దక్షిణ ఢిల్లీలో మునిర్కా అనే పాత ఊరు ఉంది. నగరం పెరిగి ఆ ఊరిని తనలో కలుపుకొంది. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం, ఐ.ఐ.టి. రెండూ అక్కడికి దగ్గరే. అందువల్ల మునిర్కా ఇరుకు సందుల్లోని అద్దె గదుల్లో అనేక రాష్ట్రాల విద్యార్థులు ఉంటారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకొని ఎం.ఏ.లోనో, ఎం.ఎస్‌సి.లోనో చేరిన వారిలో కొందరికి, కొన్ని నెలలు గడిచాక, ఇది తాము కోరుకున్న చదువు కాదని తోస్తుంది. పూర్తి చేస్తే మరో ఏడాది ఖర్చు. మానేస్తే ఇంట్లో వాళ్లకు ఏమని చెప్పాలి?

దాదాపు వందేళ్ల కిందట కాశీలో ఒక తెలుగు విద్యార్థి ఎం.ఎస్‌సి. సగంలో ఆగిపోయింది. ఆయన విషయంలో కారణం విసుగు కాదు, డబ్బు. అయినా, పెద్ద చదువు మధ్యలో ఆగితే మనిషికి ఏమి పోతుంది, ఏమి మిగులుతుంది అన్న సంగతి ఆయన జీవితంలో బాగా కనిపిస్తుంది. అందుకే ఆ జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం. ఆయన పేరు కొడవటిగంటి కుటుంబరావు.

కుటుంబరావు 1909 అక్టోబరు 28న గుంటూరు జిల్లా తెనాలిలో పుట్టారు. అయిదో ఏట తండ్రి పోయారు. 1920లో తల్లి కూడా పోయారు. మేనమామ పెంచారు. అన్న వెంకటసుబ్బయ్య కవి, రచయిత. పాశ్చాత్య సాహిత్యం తమ్ముడికి పరిచయమైంది ఆయన ద్వారానే. 1925లో, హైస్కూలు చదువు ఇంకా ముగియకముందే, కుటుంబరావుకు పెళ్లి చేశారు. పెళ్లికూతురు పద్మావతికి అప్పటికి పదకొండేళ్లు. ఆ రోజుల్లో అది వింత కాదు.

గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివి, 1927లో విజయనగరం మహారాజా కళాశాలలో బి.ఏ.కు చేరారు. తీసుకున్న విషయం భౌతిక శాస్త్రం. కథలు రాయడం ముమ్మరమైంది అక్కడే. హేతువాదం వైపు మొగ్గింది కూడా అక్కడే. 1929లో బెనారసు హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్‌సి. భౌతిక శాస్త్రంలో చేరారు. తల్లిదండ్రులు లేని కుర్రవాడు తెనాలి నుంచి కాశీ దాకా వెళ్లి ఎం.ఎస్‌సి. చదవడం చిన్న విషయమా? ఆ పట్టా చేతికి వస్తే కాలేజీలో ఉపన్యాసకుడి ఉద్యోగాన్నైనా ఆశించవచ్చు.

సరిగ్గా ఆ ఏడాదే అమెరికాలో మొదలైన ఆర్థిక మాంద్యం ప్రపంచమంతా పాకింది. పంటల ధరలు పడిపోయాయి. తెనాలి కృష్ణా డెల్టాలోని ఊరు. అక్కడి జీవనమంతా వరి మీద ఆధారపడి ఉండేది. ధాన్యానికి ధర లేకపోతే రైతు చేతిలో డబ్బు ఆడదు. రైతు దగ్గర డబ్బు లేకపోతే కౌలు రాదు, అప్పు తీరదు, దుకాణం నడవదు. ఎక్కడో న్యూయార్కులో వాటాల ధరలు పడితే కాశీలో ఒక తెలుగు విద్యార్థి చదువు ఆగడం ఇలా జరిగింది. 1930లో, రెండో సంవత్సరంలో, కుటుంబరావు ఎం.ఎస్‌సి. నిలిచిపోయింది.

మీలో కొందరి చదువు కూడా ఇలాగే ఇంటి ఇబ్బందుల వల్ల ఆగి ఉంటుంది. ఆ స్థితిలో మీరైతే ఏం చేసేవారు? ఒక్క నిమిషం ఆలోచించి, తరవాత చదవండి.

కుటుంబరావు వెంటనే పెట్టె సర్దుకొని రాలేదు. పద్మావతిని కాశీకి కాపురానికి తెచ్చుకున్నారు. ఆమెకు చదవడం, రాయడం నేర్పారు. తన చదువు ఆగిన ఊళ్లోనే భార్య చదువు మొదలుపెట్టారు. ఆయన జీవితచరిత్రలో ఈ సంగతికి ఒకటి రెండు వాక్యాలకు మించి చోటు దొరకదు. నాకైతే ఎం.ఎస్‌సి. కంటే ఇదే పెద్ద విషయంగా కనిపిస్తుంది. కొంతకాలానికి ఇద్దరూ తెనాలికి తిరిగి వచ్చారు.

చదువు మానడం వల్లనే ఆయన రచయిత అయ్యారని కొందరు అనుకోవచ్చు. అది సరికాదు. రాయడం ముందే ఉంది. పట్టా లేనందువల్ల కలిగిన నష్టమూ నిజమే. తరవాతి ఇరవై ఏళ్లు ఆయనకు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. కొన్నాళ్లు వరంగల్లులో బంధువుల ఇంట్లో ఉన్నారు. తెనాలిలో ప్రెస్సు పెట్టారు. 1939లో పద్మావతి చనిపోయారు. బొంబాయిలో ఒక కంపెనీలో పనిచేశారు, కొంతకాలం సిమ్లాలో ఉన్నారు. మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె కూడా రెండేళ్లకే జబ్బుతో పోయారు. 1945లో వరూధినిని పెళ్లాడారు. 1948లో ఆంధ్రపత్రికలో చేరి వారపత్రికకు కొత్త రూపు ఇచ్చారు. ఆ ఉద్యోగమూ రెండేళ్లకే పోయింది.

మరి కాశీలో చదివిన భౌతిక శాస్త్రం ఏమయింది? అది వృథా పోలేదు. కుటుంబరావు సైన్సు గురించి తెలుగులో ఎన్నో వ్యాసాలు రాశారు. కార్యమంటే కారణం వెతికే అలవాటు ఆయన కథల్లోనూ ఉంది. పాత్ర ఏడిస్తే ఎందుకు ఏడ్చిందో, ఆ ఇంట్లో డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూపిస్తారు. కన్నీళ్లు పెట్టించడం ఆయన పని కాదు. ఆయన నవలల్లో ఒకదాని పేరే 'చదువు'. సుందరం అనే కుర్రవాడి చదువును చిన్నతనం నుంచి చూపుతూ, ఈ చదువులు బతుక్కి ఎంతవరకు పనికివస్తాయని ఆ నవల నిలదీస్తుంది. మునిర్కా గదిలో కూర్చుని ఆలోచించే విద్యార్థికి అది ఈనాటికీ పనికివచ్చే పుస్తకం. అయితే ఒక తేడా ఉంది. చదువు కొనసాగించాలా, మానాలా అని తేల్చుకునే వీలు కుటుంబరావుకు పెద్దగా లేకపోయింది. ఆ విద్యార్థికి ఉంది.

ఆయన కుమారుడు రోహిణీప్రసాద్ అణుభౌతిక శాస్త్రవేత్త అయ్యారు. తండ్రిలాగే సామాన్య పాఠకుల కోసం సైన్సు వ్యాసాలు రాశారు.

1952 జనవరిలో కుటుంబరావు మద్రాసులో 'చందమామ' పత్రికలో చేరారు. అప్పటికి ఆయనకు నలభై రెండేళ్లు. పిల్లలకు ఇట్టే అర్థమయ్యే, పెద్దలూ ఇష్టపడే ఆ తేట తెలుగును తీర్చిదిద్దినవారిలో ఆయన ముఖ్యులు. ఆ కథలు చదివి తెలుగు నేర్చుకున్నవారిలో చాలామందికి ఆయన పేరు తెలియదు. 1980 ఆగస్టు 17న చనిపోయేదాకా, ఇరవై ఎనిమిదేళ్లకు పైగా, ఆయన ఆ పత్రికలోనే పనిచేశారు.