వాదవిద్యాసాధకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్

మన తార్కికులు చర్చను వాదము, జల్పము, వితండ యని మూడు విధములుగా విభజించిరి. సత్యమును తెలిసికొనుటకై చేయునది వాదము. గెలుపే ధ్యేయముగా చేయునది జల్పము. తనకొక పక్షము లేకయే ఎదుటివాని పక్షమును ఖండించుట వితండ. గెలుపురుచి మరగిన మనస్సును వాదమార్గమునకు మరల్చుకొనుట కష్టసాధ్యము. అట్టి కార్యమును నిత్యాభ్యాసముచే సాధింపబూనిన మహనీయుడు అమెరికా దేశస్థుడగు బెంజమిన్ ఫ్రాంక్లిన్.

అతడు 1706 జనవరి 17వ తేదీన బోస్టన్ నగరమున జన్మించెను. తండ్రి కొవ్వొత్తులను, సబ్బును తయారుచేసి కుటుంబమును పోషించువాడు. పదునేడుగురు బిడ్డలుగల యా యింట ఫ్రాంక్లిన్‌కు బడిచదువు రెండేండ్లయినను సాగలేదు. పండ్రెండవ యేట అన్నగారి ముద్రణాలయమున పనికి కుదిరెను. పగలెల్ల అచ్చుపని, రాత్రులు పుస్తకపఠనము.

ఆ దినములలో అతనికి కాలిన్స్ అను పుస్తకప్రియుడగు మిత్రుడుండెను. ఇరువురికిని వాదులాటయన్న మిక్కిలి ప్రీతి. ఒకనాడు స్త్రీలకు విద్య తగునా తగదా యను ప్రశ్న పుట్టెను. తగునని ఫ్రాంక్లిన్, తగదని కాలిన్స్ పట్టుబట్టిరి. మాటలతో తెగక లేఖలు వ్రాసికొనిరి. ఆ లేఖలు తండ్రి కంటబడెను. ఎవరి పక్షము న్యాయమో ఆయన చెప్పలేదు. వర్ణక్రమమున కుమారుడే మేలని మెచ్చి, భాషాసౌష్ఠవమునందును, విషయమును వరుసగా, తేటగా నిరూపించుటయందును అతడు వెనుకబడినట్లు ఉదాహరణములతో చూపెను. బాలుడు అలుగక, ఆ మాట న్యాయమని గ్రహించి దిద్దుకొనుటకు పూనుకొనెను.

అతడవలంబించిన సాధన విచిత్రమైనది. లండనులో వెలువడిన ‘స్పెక్టేటర్’ పత్రిక సంపుటమొకటి అతని చేజిక్కెను. అందలి వ్యాసమును చదివి, ప్రతి వాక్యభావమును క్లుప్తముగా గుర్తువ్రాసికొని, పుస్తకమును మూసి కొన్ని దినములు ఊరకుండెడివాడు. పిదప ఆ గుర్తులనుబట్టి వ్యాసమును తన మాటలలో తిరిగి వ్రాసి, మూలముతో సరిచూచి తప్పులు దిద్దుకొనెడివాడు. ఒక్కొక్కప్పుడు గుర్తులన్నిటిని కలగాపులగము చేసి, కొన్ని వారముల పిమ్మట వానిని సరియైన క్రమమున పేర్చెడివాడు. ఆలోచనకు వరుస యేర్పడుటకు ఇది అతడు కనుగొన్న మార్గము.

అంతట గ్రీకు తత్త్వజ్ఞుడగు సోక్రటీసు ప్రశ్నలతో వాదించు రీతిని చదివి దానిని అలవరచుకొనెను. వినయముగా ప్రశ్నించుచు, తనకంటె తెలిసినవారిని సైతము వారెరుగని చిక్కులలో పడవేసి గెలువసాగెను. అయినను ఆ గెలుపులలో కొన్నిటికి తానుగాని తన పక్షముగాని తగినవి కావని పిమ్మట గుర్తించి, ఆ పద్ధతిని క్రమముగా విడిచి, అందలి వినయమును మాత్రము నిలుపుకొనెను.

1723లో ఫిలడెల్ఫియా నగరము చేరి ముద్రాపకుడుగా స్థిరపడిన యతడు, 1727లో ‘జుంటో’ అను మిత్రగోష్ఠిని స్థాపించెను. సభ్యులు శుక్రవారపు సాయంకాలములందు కూడి చర్చించెడివారు. తాను చెప్పినదే నిజమని నొక్కి పలికినను, ఎదుటివాని మాటను మొగముమీద ఖండించినను చిన్న జరిమానా చెల్లింపవలెనని ఆ గోష్ఠిలో నియమమేర్పడెను. చర్చలలో పుస్తకముల యవసరము తోచగా మొదట తమ గ్రంథములను ఒకచోట చేర్చిరి. అది చక్కగా సాగకపోగా, 1731లో ఫ్రాంక్లిన్ చందాగ్రంథాలయమునకు పథకము వేసెను. మొదట 50 మంది చందాదారులు చేరిరి. ప్రవేశమునకు 40 షిల్లింగులు, ఏటేట 10 షిల్లింగులు చందా. ఆ గ్రంథాలయము నేటికిని నిలిచియున్నది.

ఇంత చేసినను గర్వము పూర్తిగా తొలగలేదు. క్వేకరు మతస్థుడగు మిత్రుడొకడు ఆ లోపమును చెప్పగా, తాను సాధింపనెంచిన సుగుణముల పట్టికలో వినయమును పదుమూడవదిగా చేర్చుకొనెను. నిశ్చయముగా, నిస్సందేహముగా వంటి మాటలను విడిచి, తనకట్లు తోచుచున్నదని చెప్పుట అలవాటు చేసికొనెను. వినయము లోపల ఎంత కుదిరినను, పైకి కనబడునది మాత్రము అలవడినదని స్వీయచరిత్రమున దాపరికము లేక ఒప్పుకొనెను.

1772లో శాస్త్రజ్ఞుడగు ప్రీస్ట్లీ యేమి చేయుటకును తోచక సలహా కోరగా, జమాఖర్చును పోలిన పద్ధతి నొకదానిని తెలిపెను. కాగితము నడుమ గీత గీసి, అనుకూల కారణములను ఒకవైపు, ప్రతికూల కారణములను రెండవవైపు, మూడు నాలుగు దినములు తోచినప్పుడెల్ల వ్రాయవలెను. పిదప సరితూగువానిని ఇరువైపుల కొట్టివేయగా, నిలువ యేవైపున మిగులునో దానినిబట్టి నిర్ణయింపవలెను.

ఈ సాధనకు అసలు పరీక్ష 1787లో వచ్చెను. అమెరికా రాజ్యాంగరచనకై కూడిన సభ నాలుగుమాసములు తర్జనభర్జన చేసెను. ఫ్రాంక్లిన్‌కు అప్పుడు 81 యేండ్లు. సిద్ధమైన ప్రతిలో కొన్ని భాగములు అతనికి సమ్మతములు కావు. అయినను తన తీర్పు పొరపాటు కావచ్చునని ఒప్పుకొని, తక్కిన సభ్యులును అట్లే తమ తమ పట్టుదలలను కొంత శంకించి సంతకము చేయవలెనని ప్రార్థించెను. ఆ యుపన్యాసమును జేమ్స్ విల్సన్ చదివి వినిపించెను. ముగ్గురు నిరాకరించినను 39 సంతకములు పడెను.

పూర్వము తన యింట బానిసలనుంచుకొన్న యీతడే, తుదకు బానిసత్వ నిర్మూలన సంఘాధ్యక్షుడై, 1790 ఫిబ్రవరిలో ఆ దురాచారమును మాన్పుమని కాంగ్రెసునకు అర్జీ పంపెను. ఆ యేడే ఏప్రిల్ 17న, 84వ యేట పరమపదించెను.

కొవ్వొత్తుల వర్తకుని బిడ్డ పెద్దల సభలో మన్నన పొందుటకు అతడు పొందిన గెలుపులు కారణము కావు. తన తప్పును తానే వెదకికొను అలవాటు కారణము. గ్రంథాలయమున పుస్తకము చదువుట సగము పని. చదివినదానినిగూర్చి భిన్నాభిప్రాయము గలవానితో మైత్రి చెడకుండ చర్చించుట తక్కిన సగము. ఫ్రాంక్లిన్ ఈ రెంటిని ఒకే గోష్ఠినుండి మొదలిడెను.