డాక్టర్ కార్ల్ స్పెంగ్లర్ – మంచు మీద ఒక పిలుపు

బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, పరకాల



ఏటా డిసెంబర్ 26 నుంచి 31 దాకా స్విట్జర్లాండ్‌లోని దావోస్ పట్టణంలో ఒక ఐస్ హాకీ టోర్నమెంట్ జరుగుతుంది. దాని పేరు స్పెంగ్లర్ కప్. దావోస్ అనగానే పెట్టుబడుల కోసం మన ముఖ్యమంత్రులు జనవరిలో వెళ్లి వచ్చే ఊరు మీకు గుర్తుకు రావచ్చు. ఆ ఊరే ఇది. సముద్రమట్టానికి దాదాపు 1,560 మీటర్ల ఎత్తున, చుట్టూ ఆల్ప్స్ కొండలతో ఉంటుంది. ఈ కప్పులో ఆడాలంటే ముందు ఎవరినో ఓడించి అర్హత సంపాదించనక్కర్లేదు. పిలుపు రావాలి, అంతే. పిలిచిన జట్లే వస్తాయి, క్రిస్మస్ సెలవుల్లో ఆడి పోతాయి.

ఐస్ హాకీ మనకు కొత్త కాబట్టి రెండు మాటలు చెప్తాను. గడ్డకట్టిన మంచు మీద, బూట్లకు ఇనుప పలక బిగించిన స్కేట్లు వేసుకొని, ఒక్కో జట్టు నుంచి గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు ఆడతారు. బంతి ఉండదు. గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది, దాన్ని పక్ అంటారు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలుగా ఆట సాగుతుంది.

ఇంత పేరున్న కప్పుకు పేరు ఇచ్చింది ఆటగాడో రాజో కాదు, ఒక సూక్ష్మజీవ శాస్త్రవేత్త. మనం మైక్రోబయాలజీలో చదివే రాబర్ట్ కాక్ దగ్గర పని చేసిన డాక్టరు. అందుకే బి.జెడ్.సి. చదివే నాకు ఆయన మీద ఆసక్తి పుట్టింది.

కార్ల్ కథ ఆయన తండ్రితో మొదలు పెట్టాలి. తండ్రి అలెగ్జాండర్ స్పెంగ్లర్ 1827లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో పుట్టారు. హైడెల్‌బర్గ్‌లో లా చదువుతూ ఆనాటి తిరుగుబాటులో పాల్గొన్నారు. 1849లో ఆ తిరుగుబాటు అణిగిపోయాక ప్రాణాలు దక్కించుకోవడానికి స్విట్జర్లాండ్‌కు పారిపోయారు. లా వదిలి జ్యూరిక్‌లో వైద్యం చదివి, 1853లో దావోస్‌కు డాక్టరుగా వచ్చారు. అప్పుడు దావోస్ పశువులు మేపుకునే కొండ పల్లె. అక్కడి జనంలో క్షయ రోగం కనిపించడం లేదని ఆయన గమనించారు. ఆ గాలిలో, ఆ ఎత్తులో ఏదో గుణం ఉందని తలచారు. 1865 చలికాలంలో ఇద్దరు జర్మన్ రోగులు ఆయనను నమ్మి మంచులో అక్కడికి చేరుకున్నారు. వాళ్లకు నెమ్మదించింది. ఆ మాట యూరప్ అంతా పాకింది. హోల్స్‌బోయర్ అనే డచ్చి దేశస్థునితో కలిసి ఆయన చికిత్సాలయం పెట్టారు. 1890లో రైలు కూడా వచ్చింది. ట్రెజర్ ఐలాండ్ రాసిన స్టీవెన్సన్ ఆ నవలను పూర్తి చేసింది కూడా ఊపిరితిత్తుల జబ్బుతో దావోస్‌లో ఉన్నప్పుడే. ఆ కాలంలో క్షయ రోగి అంటే ఇంటివాళ్లకే భయం. అలాంటివాళ్లు బతుకు మీద ఆశతో వచ్చి చేరితే ఒక పల్లె పట్టణమైంది.

ఆ ఊర్లోనే 1860లో కార్ల్ పుట్టారు. ఆయన సోదరుడు లూసియస్ కూడా డాక్టరే. కార్ల్ మాత్రం రోగిని చూడడంతో ఆగలేదు, రోగం పుట్టించే క్రిమిని చూడాలనుకున్నారు. 1882 మార్చి 24న కాక్ బెర్లిన్‌లో క్షయ క్రిమిని కనుగొన్నట్టు ప్రకటించారు. కార్ల్ ఆయన దగ్గరికి వెళ్లి పరిశోధనలో పని నేర్చుకున్నారు. 1890లో కాక్ ట్యుబర్‌క్యులిన్ అనే మందు ప్రకటించినప్పుడు ప్రపంచమంతా సంబరపడింది. కానీ అది రోగాన్ని తగ్గించలేకపోయింది. తరువాత రోగం సోకిందో లేదో తెలుసుకునే పరీక్షకే పనికొచ్చింది. గురువు మందు అట్లా పోయినా శిష్యుడు ఆ దారి వదల్లేదు. దావోస్‌కు తిరిగి వచ్చి ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, రోగాన్ని ఎదిరించే పదార్థాలతో ఒక మందు తయారు చేశారు. దానికి ఐ.కె. అని పేరు. ఆ రోజుల్లో దాని మీద చాలా చర్చ జరిగింది. చివరకు అది కూడా క్షయను జయించలేదు.

సైన్సు పుస్తకాల్లో గెలిచినవాళ్ల పేర్లే ఉంటాయి. జీవితమంతా ఒక్క క్రిమి వెంట పడి, దాన్ని పట్టుకోలేక పోయినవాళ్లకు అందులో చోటు ఉండదు. కార్ల్ స్పెంగ్లర్ కథ కూడా అంతటితో ముగిసేదే. కానీ ఆయన మరో పని చేశారు.

1914 నుంచి 1918 దాకా మొదటి ప్రపంచ యుద్ధం జరిగింది. కోటికి దగ్గరగా సైనికులు చనిపోయారు. తుపాకులు ఆగినా పగ ఆగలేదు. 1920లో ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌కు జర్మనీని పిలవలేదు, ఆస్ట్రియానూ పిలవలేదు. 1924లో కూడా జర్మనీకి పిలుపు లేదు. యుద్ధం చేయించినవాళ్లు ఒకరు, శిక్ష పడింది ఇరవై ఏళ్ల ఆటగాళ్లకు. అప్పటికి కార్ల్ అరవై దాటిన డాక్టరు. ఆయన ఊరు ఏ పక్షం వహించని దేశంలో ఉంది, ఆ ఊర్లో గడ్డకట్టిన మంచు ఉంది. 1923లో ఆయన ఒక కప్పు ఇచ్చి, జర్మన్ మాట్లాడే దేశాల జట్లు కూడా వచ్చి మిగతా దేశాల జట్లతో ఆడేలా టోర్నమెంట్‌కు పునాది వేశారు.

మిత్రులారా, మొదటి కప్పు గెలిచింది ఎవరో తెలుసా? విద్యార్థులు! ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం జట్టు. అందులో ఎక్కువమంది చదువుకోవడానికి వచ్చిన కెనడా కుర్రాళ్లు. యుద్ధంలో కెనడా బ్రిటన్ వైపు పోరాడింది. మరుసటి ఏడాది 1924లో అదే కప్పును బెర్లిన్ జట్టు ఎత్తుకుపోయింది. 1925లో మళ్లీ ఆక్స్‌ఫర్డ్, 1926లో మళ్లీ బెర్లిన్. పదేళ్ల కిందట ఒకరినొకరు కందకాల్లోంచి కాల్చుకున్న దేశాల పిల్లలు కర్రలు పట్టుకొని రబ్బరు బిళ్ల కోసం కొట్లాడుకున్నారు.

1937లో కార్ల్ స్పెంగ్లర్ కన్నుమూశారు. రెండేళ్లకే మళ్లీ ప్రపంచ యుద్ధం వచ్చింది. ఒక కప్పు యుద్ధాన్ని ఆపుతుందని నేను అనడం లేదు. ఆపలేదు కూడా. కానీ ఆ యుద్ధం పోయింది, కప్పు మిగిలింది. 1979 దాకా మ్యాచ్‌లు ఆకాశం కింద, మంచు కురుస్తుండగా జరిగేవి. ఆ ఏడాది స్టేడియానికి కప్పు వేశారు. 2020లో కరోనా వల్ల ఆడలేదు. నూరేళ్లు నిండిన 2023లో దావోస్ సొంత జట్టే గెలిచింది.

ఇక క్షయ సంగతి. 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ దొరికింది, 1952లో ఐసోనియాజిడ్ వాడకంలోకి వచ్చింది. శానిటోరియంల కాలానికి ముగింపు పలికిన పరిశోధన మన పక్కనే జరిగింది. 1956లో మద్రాసులో మొదలైన కేంద్రం రోగుల్ని రెండు భాగాలు చేసి, కొందరిని శానిటోరియంలో, కొందరిని ఇంట్లోనే ఉంచి ఒకే మందులు ఇచ్చింది. ఇద్దరూ దాదాపు ఒకే తీరుగా కోలుకున్నారని 1959లో తేలింది. అంటే కొండ గాలి కోసం పోనక్కర్లేదు, మందు తప్పకుండా వాడితే చాలు. అంతకు ముందు మనవాళ్లు కూడా మదనపల్లె దగ్గర 1915లో వెలిసిన ఆరోగ్యవరానికో, వికారాబాద్ అనంతగిరి కొండకో పోయేవారు. అవన్నీ ఒకరకంగా దావోస్ తమ్ముళ్లే.

అయితే మందు ఒక్కటే సరిపోదని మా ఊర్లో చూశాను. మాది పత్తి, వరి పండించే ఇల్లు. నా చిన్నప్పుడు మా పక్క చేను ముసలాయనకు టీబీ వచ్చింది. బాయికాడ కొట్టంలో పక్క వేశారు. కంచం వేరు, గ్లాసు వేరు. ఆశా అక్క ప్రతి వారం గోళీలు తెచ్చి ఇచ్చేది. ఆరు నెలలకు తగ్గిపోయింది, దవాఖానలో పరీక్ష చేసి బాగైందని చెప్పారు. కానీ తరువాత రెండేళ్లు వాడకట్టులో ఏ పెండ్లికీ ఆయనకు పిలుపు రాలేదు. ఆయన తువ్వాల భుజాన వేసుకొని గడప ముందు కూర్చునేది, పందిట్లోకి మాత్రం పోయేది కాదు. రోగం ఊపిరితిత్తుల్లోంచి పోయింది గాని ఊరి మనసులోంచి పోలేదు.

ఈ కథ చదివినప్పుడు నాకు ఆ ముసలాయనే కండ్లల్ల మెదిలాడు. తండ్రి స్పెంగ్లర్ జనం దూరం పెట్టిన రోగుల్ని తన ఊరికి రానిచ్చారు. కొడుకు దేశాలు దూరం పెట్టిన ఆటగాళ్లను రానిచ్చారు. తండ్రి నమ్మిన కొండ గాలిని కాలం పక్కన పెట్టింది, కొడుకు చేసిన మందునూ పక్కన పెట్టింది. వాళ్లు తెరిచిన తలుపు మాత్రం ఇంకా తెరిచే ఉంది.

మన దగ్గర మంచు లేదు, స్కేట్లు లేవు. కానీ సంక్రాంతి సెలవులు ఉన్నాయి, కబడ్డీ కోర్టు ఉంది, వాలీబాల్ నెట్టు ఉంది. పోయిన ఏడాది ఒక మ్యాచ్‌లో గొడవ పడ్డ జట్టును ఈసారి పిలవొద్దని హాస్టల్లో కొందరు అంటున్నారు. నా మాటగా విద్యార్థి సంఘం పెద్దలకు మనవి చేస్తున్నాను. మొదటి ఉత్తరం ఆ జట్టుకే రాయండి. వాళ్లు గెలిచి కప్పు ఎత్తుకుపోతే పోనీయండి, వచ్చే ఏడాది మనం తెచ్చుకుందాం.